సంచితో సహా నాటవలెను

ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత మీరు పట్టుకున్నారని అనిపించుకోవడం నాకిష్టం లేదు. నేను పెంచి చెప్తాను. పిల్లిని పులి చెయ్యను గాని, దానికి నాలుగు చారలు మాత్రం తప్పకుండా గీస్తాను. నేను చెప్పిన ఏ సంగతినైనా మా ఆవిడ నాలుగుతో భాగించి నమ్ముతుంది. ఆఫీసులో పదితో భాగించేవారు. మా అమ్మ ఒక్కతే భాగించకుండా నమ్మేది, ఆవిడకి లెక్కలు రావు.

యాభై రెండేళ్లకే ఉద్యోగానికి నేనే దణ్ణం పెట్టేసి ఇంట్లో కూర్చున్నాను గనక, కొత్తగా ఆఫీసుల్లో చేరుతున్న పిల్లలకి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకు నేనే మంజూరు చేసుకున్నాను. చెప్పబోయేది నా ఘనకార్యం కాదు, నా తప్పు. దాన్ని పెంచాల్సిన అవసరం రాలేదు. ఉన్న సైజే సరిపోయింది.

మా నాన్న శ్రీకాకుళం నుంచి రైల్లో పని కోసం రాయపూర్ వచ్చాడు. నేను అక్కడే పుట్టాను. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, వీధిలో హిందీ, కూరగాయల దగ్గర ఛత్తీస్‌గఢీ. కోపమొస్తే మూడూ కలిపి. ఇంత భాషాజ్ఞానం ఉన్నవాణ్ణి ఒక పెద్ద ప్రభుత్వ సంస్థ కాలనీలో తోటల విభాగంలో గుమాస్తాగా వేశారు. సంస్థ పేరు చెప్పను. పెన్షను ఇంకా వాళ్లే ఇస్తున్నారు.

తోటల విభాగం అన్నాను గదా అని నా గోళ్లలో మట్టి ఉంటుందనుకోకండి. నా పనిముట్లు పెన్ను, కార్బన్ కాగితం, గుండుసూదులు, ఒక హిందీ టైపు మిషను. ఆ మిషన్‌లో ఒక అక్షరం కొడితే పక్క గదిలో క్యాలెండరు ఊడి పడేది. అయినా కాలనీ అంతా నన్ను ‘గార్డెన్ బాబు’ అనేవారు. మా ఇంట్లో తులసి మొక్క కూడా బతకలేదని వాళ్లకి తెలీదు.

నిజంగా మొక్కలు పెంచేది దాయీ. ఛత్తీస్‌గఢీలో దాయీ అంటే అమ్మ. ఆరంగ్ దగ్గరి పల్లెటూరి మనిషి. వయసెంతో ఆమెకే తెలీదు, అడిగితే ఒక్కోసారి ఒక్కోటి చెప్పేది, అదొక్కటే మా ఇద్దరికీ పోలిక. తెల్లారకముందే బస్సెక్కి శంకర్ నగర్ దాటాక ఉన్న మా నారుమడికి నాకంటే రెండు గంటలు ముందొచ్చేది. అంటే నేను గంట ఆలస్యంగా వచ్చేవాణ్ణని అర్థం. పదకొండేళ్లుగా రోజుకూలీ. ఆమె కింద ఆరుగురు ఆడవాళ్లు, వాళ్లూ రోజుకూలీలే.

అప్పట్లో మొక్కల్ని మోదుగాకు దొన్నెల్లో పెంచేవాళ్లం. శీతాకాలం రెండు నెలలూ ఆ ఏడుగురూ ఎండలో వరసగా కూర్చుని, చీపురుపుల్లలతో దొన్నెలు కుట్టేవారు. దొన్నెలో మట్టీ పెంటెరువూ నింపి గింజ పెడితే, వానలొచ్చేసరికి వేపో కానుగో జానెడు లేచేది. అప్పుడు దొన్నెతో సహా గుంటలో పెట్టి పూడ్చేయడమే. రెండు వానలకి ఆకు కుళ్లిపోయేది, వేరు దాన్ని తినేసి తన దారిన తాను పోయేది. లోకంలో ఇంత సులువైన పని ఇంకోటి లేదు, నేను కూడా కుర్చీలోంచి చేయించగలిగేవాణ్ణి.

ఆ దొన్నెలు కుట్టే దగ్గర నా పరువు రోజూ తీసేవారు.

“కా బాబూ, ఇప్పటిదాకా ఎన్ని చెట్లు నాటావు?” అనేది దాయీ.

“పదివేలు.”

“చేత్తోనా?”

“పెన్నుతో.”

“అందుకే వాటికి నీడ లేదు.”

ఏడుగురూ నవ్వేవారు. ఆ నవ్వు దుర్గ్ స్టేషన్‌లో వినపడి, రైళ్లు ఆగి చూసేవి. ఇది మీరు ఎంతతో కావాలంటే అంతతో భాగించుకోండి.

ఎనభైల చివర్లో ఒక మధ్యాహ్నం ఒక సేల్స్‌మన్ ప్లాస్టిక్ సంచుల కట్టతో వచ్చాడు. నల్లటివి, చేతిలోకి తీసుకుంటే కరకరమనేవి. ఒక సంచిలో నీళ్లు పోసి, మా హెడ్ క్లర్క్ గారి ఫైళ్ల మీద వేలాడదీశాడు. చుక్క కారలేదు. దాన్ని రెండు చేతులా లాగాడు. నేలమీద పెట్టి తొక్కాడు. ఆఖరికి తను దాని మీద ఎక్కి గెంతాడు.

“వందేళ్లయినా చెక్కుచెదరదు సాబ్!” అన్నాడు.

మేం చప్పట్లు కొట్టాం. జీవితంలో నాకంటే ఎక్కువ పెంచి చెప్పేవాడు దొరికాడని నేను ప్రత్యేకంగా కొట్టాను. పాపం, ఆ ఒక్కమాట అతను పెంచకుండా చెప్పాడని తర్వాత తెలిసింది.

నేనే ఒక సంచి పట్టుకెళ్లి దాయీకి చూపించాను, ఏదో నేను కనిపెట్టినట్టు. ఆమె వేళ్లతో నలిపింది, వాసన చూసింది.

“ఏ చెట్టు ఆకు బాబూ ఇది?”

“ఆకు కాదు దాయీ, ఫ్యాక్టరీది.”

“ఓ, ఝిల్లీ!” అంది. ప్లాస్టిక్ సంచిని అక్కడందరూ అలాగే అంటారు. “మరి దొన్నెలు?”

“ఇంక అక్కర్లేదు.”

ఆమె మిగతావాళ్ల వైపు చూసింది. వాళ్లు కుట్టడం ఆపారు. ఒకామె మాత్రం చేతిలో ఉన్న దొన్నె పూర్తి చేసి, అప్పుడు పక్కన పెట్టింది. ఆ శీతాకాలం నుంచి నలుగురికి పని లేకుండా పోయింది. ఇద్దరు ఇటుక బట్టీకి పోయారు, ఒకామె ధాన్యం మిల్లుకి, ఒకామె పండరీ బట్టల బజారులో మూటలు మొయ్యడానికి. సంచులు దొన్నెలకంటే చవకని నేను ఆఫీసు నోట్‌లో రాశాను. ఎవరికి చవక అని అందులో గడి లేదు.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వద్దాం. దీన్ని చెయ్యాలంటే మామూలు మనిషి చాలడు, గుమాస్తా కావాలి.

వానలకి ముందు నాటడం గురించి ఏటా ఒక సర్క్యులర్ పంపాలి. మా హెడ్ క్లర్క్ గారిది విజయనగరం. పెద్దాయన, నేను గురువుగారూ అనేవాణ్ణి. ఆయన తన సర్వీసంతటిలో కొత్త వాక్యం ఒక్కటి కూడా రాయలేదని మా సెక్షన్‌లో గర్వంగా చెప్పుకునేవాళ్లం.

“కొత్తగా ఎందుకు నాయనా బుర్ర పాడు చేసుకోడం? పోయినేడుది చూసి కొట్టీ. దొన్నె అన్నచోటల్లా సంచి అను,” అన్నారు.

కొట్టేశాను. పాతదాంట్లో నాలుగో అంశం ఇదీ: ‘మొక్కను దొన్నె నుండి వేరు చేయరాదు. దొన్నెతో సహా నాటవలెను.’ నేను దొన్నె తీసి సంచి పెట్టాను. ఒక్క తప్పు లేకుండా టైపు చేశానని మురిసిపోయి, గురువుగారి సంతకం పెట్టించి పంపేశాను.

తొలివాన పడ్డ మర్నాడు దాయీ ఆఫీసుకొచ్చింది, కాళ్లనిండా మట్టితో, చేతిలో ఆ కాగితం. ఆమెకి చదువు రాదు. వాచ్‌మన్ చదివి వినిపించాడట.

“బాబూ, ఝిల్లీ చింపొద్దని రాశావా?”

“రాసి ఉంటే వద్దనే.”

“వేరు ఎటు పోతది?”

“చిల్లులున్నాయి గదా అడుగున.”

“నీ చిటికెన వేలు దూరదు వాటిలో. చెట్టు దూరుతదా?”

నాకు ఆ క్షణాన అర్థమైందని చెప్పాలనుంది. కాలేదు. లంచ్ టైమైంది, అదొక్కటే అర్థమైంది.

“దాయీ, ఇది పైనుంచి వచ్చిన ఆర్డరు.”

“పైనుంచి వానొస్తది బాబూ. కాగితం నువ్వే పంపావు.”

అక్కడున్న ప్యూను నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. దొన్నెల దగ్గర ఏమన్నా పడేవాణ్ణి గాని, ఆఫీసులో, నా కుర్చీ ముందు! చెప్పినట్టు చెయ్యమని కసిరి పంపించేశాను.

ఆమె చెయ్యలేదు. బడి ముందు వీధిలో మొదటి వరస నాటుతూ, ప్రతి సంచినీ కొడవలితో చీల్చి, మొక్కని మట్టిముద్దతో సహా జాగ్రత్తగా తీసి పెట్టింది. చింపిన సంచులు గాలికి పోకుండా గోనెలో కుక్కింది. రెండో రోజు నేను తనిఖీకి వెళ్లి ఆ గోనె చూశాను. వెంటనే ఆఫీసుకొచ్చి ఒక మెమో కొట్టాను: ‘ఆదేశాలను ధిక్కరించి, ప్రభుత్వ ఆస్తి అయిన సంచులను చింపి నాశనము చేసినందున ఇందుమూలముగా హెచ్చరించడమైనది.’ ప్రభుత్వ ఆస్తి అన్న మాట దగ్గర మిషను గంట టింగుమని మోగింది, నాకు బాగా గుర్తు. దాయీ మెమో మీద వేలిముద్ర వేసింది. మిగతా వీధులన్నీ సంచితో సహా నాటించింది. వెయ్యికి పైగా మొక్కలు.

ఏడాది తిరిగింది. ఆ ఎండాకాలం రాయపూర్‌లో నీడలు కూడా ఎండకి తట్టుకోలేక మనుషుల కిందకి దూరేవి. బడి ముందు వరస నా భుజం దాకా లేచింది. మిగతా వీధుల్లో మొక్కలు నాటిన రోజున ఎంతున్నాయో అంతే ఉండి, పసుపుపచ్చగా, తర్వాత గోధుమరంగుగా, ఆ తర్వాత చీపురుపుల్లల్లా అయ్యాయి. మేకలు కూడా దగ్గరికొచ్చి చూసి, జాలిపడి వెళ్లిపోయేవి.

జూన్‌లో పెద్ద సాబ్ చూడ్డానికొచ్చారు. ఆయన గొడుగు కింద ఒక పెళ్లి చెయ్యొచ్చు. ఆ నెలలోనే రోజుకూలీల్లో కొందర్ని పర్మినెంట్ చేసే జాబితా పైకి వెళ్తోంది. అందులో దాయీ పేరుంది. పదకొండేళ్లు పన్నెండయ్యాయి, జాబితాలోకి రావడం ఇదే మొదటిసారి. పర్మినెంట్ అయితే జీతం, సెలవు, ముసలితనంలో పెన్షను. లేకపోతే, ఒంట్లో బాగోని రోజు పొయ్యి వెలగదు. అందుకే ఆ రోజు ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

పెద్ద సాబ్ ఒక ఎండిన మొక్కని పట్టుకుని లాగారు. సీసా మూతలా వచ్చేసింది, సంచితో సహా. సంచి కొత్తదానిలా నిగనిగలాడుతోంది. లోపల వేళ్లు దారి దొరక్క గుండ్రంగా తిరిగి తిరిగి, జంతికల చుట్టల్లా ఒకదాన్నొకటి బిగించుకుని ఉన్నాయి.

“ఎవరు నాటారిది?”

“నేనే సాబ్,” అంది దాయీ. “ఝిల్లీ తియ్యొద్దని కాగితమొచ్చింది.”

“ఏ కాగితం?” ఆయన మావైపు తిరిగారు. “అలాంటి ఆర్డరు ఏదైనా ఉందా?”

గురువుగారు నా వైపు చూశారు. దాయీ నా వైపు చూసింది. నేను వంగి చెప్పుల లేసులు కట్టుకున్నాను. చెప్పులకి లేసులుండవని నాకు తెలుసు, అయినా కట్టుకున్నాను. లేచి, “చూడాలి సార్” అన్నాను.

పిల్లలూ, ఉద్యోగంలో మీరు నేర్చుకోబోయే మొదటి అబద్ధం ఇదే. చూస్తే చాలా మర్యాదగా ఉంటుంది.

గురువుగారు ఫైలు తెరిచి నా మెమో చూపించారు. పాపం, ఆయన నన్ను కాపాడుతున్నాననే అనుకున్నారు. పెద్ద సాబ్ ఎండలో నిలబడి అది చదివారు. ‘ఆదేశాలను ధిక్కరించి.’ ఇంకేం కావాలి? బతికిన ఆ వరస గురించి ఎవరూ అడగలేదు, జీపు అటు పోలేదు. సోమవారం నుంచి రావద్దన్నారు. జాబితాలో పేరు కొట్టెయ్యమన్నారు. దాయీ మొక్క లాగిన గుంటని కాలితో పూడ్చి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది.

అది శనివారం. ఇంటికొచ్చి మా ఆవిడకి కథంతా చెప్పాను. నా చెప్పడంలో గొడుగు మరింత పెద్దదైంది, మొక్కలు పదివేలయ్యాయి, గురువుగారు విలనయ్యారు. ఆవిడ బియ్యం ఏరుతూ అంతా విని, అలవాటు ప్రకారం భాగించింది.

“అంటే, ఆ కాగితం కొట్టింది మీరేనేటి?”

“కొట్టమన్నది గురువుగారు...”

“కొట్టిందెవరండీ?”

“నేనే.”

“అన్నిటినీ నాలుగింతలు చేసి చెప్తారు గదా. ఇదొక్కటి ఉన్నదున్నట్టు చెప్పడానికి నోరు రాలేదేటి?”

ఆదివారమంతా ఆవిడ నాతో అవసరమైనంతే మాట్లాడింది. అన్నం పెడతాను, తినండి, పడుకోండి. సోమవారం పొద్దున్నే ఆఫీసుకెళ్లి, పాత సర్క్యులరూ కొత్త సర్క్యులరూ పక్కపక్కన పెట్టి, ఒక ఉత్తరం కొట్టాను. నా సర్వీసులో అంత కష్టమైన కాగితం లేదు. ఒక్క విశేషణం లేకుండా అరపేజీ రాయడానికి మూడు గంటలు పట్టింది.

గురువుగారు చదివి కళ్లజోడు తీశారు. “నాయనా, మాపటికి దాన్ని చింపీ. నీ ఇంక్రిమెంటు పోతాది. నా సంతకం కూడా ఉంది కదరా!”

“మీరు చదవకుండా పెట్టారని రాశాను గురువుగారూ.”

“అది మరీ అన్యాయం,” అన్నారాయన.

పెద్ద సాబ్ రెండు కాగితాలూ చదివారు. చాలాసేపు నాలుగో అంశం దగ్గరే ఉన్నారు. అరుస్తారనుకున్నాను. “ఆవిడ ఒక్క వరస కాపాడితే, దానికి నువ్వు మెమో ఇచ్చావు,” అన్నారు మెల్లగా. అరిచి ఉంటే బావుండేది. దాయీని మళ్లీ పనిలోకి తీసుకోమన్నారు. నాకు ఇంక్రిమెంటు ఆపారు. జాబితా మాత్రం శనివారం సాయంత్రమే పైకి వెళ్లిపోయింది. “వచ్చే ఏడు చూద్దాం,” అన్నారు. వచ్చే ఏడు అసలు జాబితాయే లేదు. ఆమె పర్మినెంట్ కావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. అందులో నాది ఎంత భాగమో ఏ లెక్కతో భాగించినా తేలుతుంది.

మంగళవారం ఆర్డరు కాగితం పట్టుకుని ఆరంగ్ బస్సెక్కాను. ఆ బస్సులో నా ఒళ్లో ఇద్దరు ప్రయాణికులూ ఒక కోడీ కూర్చున్నారు. ఊళ్లో దాయీ ఇంటి అరుగు మీద కూర్చుని దొన్నెలు కుడుతోంది. ఎవరిదో పెళ్లట. కాని పెళ్లివారు సగమే చెప్పారట, మిగతా సగానికి ప్లాస్టిక్ గ్లాసులూ పళ్లేలూ రాయపూర్ నుంచి తెస్తున్నారట.

నేను తప్పు నాదేనని చెప్పాను. దాయీ పగలబడి నవ్వింది. “చదువుకున్నోడి బుర్ర కూడా ఝిల్లీలో మొక్కే బాబూ, అక్కడే తిరుగుతది. ఎవరో ఒకరు చింపాలి,” అంది. ఇరుగుపొరుగు కూడా నవ్వారు. నాకు చెంబుతో మంచినీళ్లిచ్చింది. ఇద్దరం తేలికపడ్డాం.

ఆ వారంలోనే సంచులు తవ్వడం మొదలెట్టాం. ఈసారి నేను కూడా చేత్తో తవ్వాను. ఇంకా ప్రాణమున్న మొక్కలు ఓ రెండు వందల దాకా దొరికాయి. చుట్టుకున్న వేళ్లని దాయీ ఒక్కొక్కటీ విప్పి, కుళ్లినవి కోసి, మళ్లీ నాటింది. చచ్చినవాటి సంచులు గుట్టగా పోగుపడ్డాయి. దాన్నేం చెయ్యాలో ఏ సర్క్యులర్‌లోనూ లేదు. స్వీపరు నిప్పు పెడితే ఆ నల్లటి పొగకి వీధి వీధంతా దగ్గింది, ఆర్పించాం. మిగిలినవాటిని పాతిపెట్టాలంటే, తవ్వి తీసినవాటినే మళ్లీ పాతాలి. ఆ ఆలోచనలో మేముండగా గాలివాన వచ్చి గుట్టని కాలవలోకి ఎత్తుకుపోయింది. కల్వర్టు మూసుకుపోయి పల్లం క్వార్టర్లలోకి నీళ్లొచ్చాయి. ఒక ఫిట్టరు మంచం మీద నుంచి చేపలు పట్టాడు. మొన్నామధ్య అటు వెళ్తే, కేబుల్ కోసం తవ్విన మట్టిలో ఒక నల్లటి అంచు బయటికి కనిపించింది. లాగాను. కరకరమంది.

సరే, మొదట్లోనే ఒప్పేసుకున్నాను గనక మిగతాదీ ఒప్పుకోవాలి. గొడుగు కింద పెళ్లి జరగదు, మహా అయితే నిశ్చితార్థం. ఫిట్టరు చేపలు పట్టలేదు, చెప్పులు వెతుక్కున్నాడు. బస్సులో కోడి నిజమే, ప్రయాణికుడు ఒక్కడే. ఇవన్నీ నా మామూలు చారలు. మీరీపాటికి భాగించేసే ఉంటారు.

పూర్తిగా కల్పించింది ఒక్కటే. దాయీ ఆ రోజు నవ్వలేదు. ఝిల్లీలో మొక్క అన్న మాట ఆమెది కాదు, తిరుగు బస్సులో కూర్చుని నేను అల్లుకున్నది. ఇన్నేళ్లుగా చెప్పి చెప్పి, ఆమె గొంతులోనే నాకు వినపడేంతగా అలవాటైపోయింది.

జరిగిందిది. ఆర్డరు రెండుసార్లు చదివించుకుంది. తన పేరెక్కడుందో అడిగి, ఆ చోట వేలు పెట్టి చూసుకుంది. “రేపొస్తా,” అని మళ్లీ దొన్నె అందుకుంది. నేను కాసేపు నిలబడి వచ్చేశాను. దాహం వేసింది గాని అడగలేదు.

ఆ తర్వాత ఏడేళ్లు కలిసి పని చేశాం. ఏమడిగితే అది చెప్పేది, చెప్పిన పని చేసేది. ఎన్ని చెట్లు నాటావని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఏటా వానలకి ముందు సర్క్యులర్ అందగానే, నా టేబుల్ పక్కనుంచే నడిచి గేటు దగ్గరికి వెళ్లేది. అక్కడ వాచ్‌మన్ పక్కన కూర్చుని, మొదటి అంశం నుంచి ఆఖరి అంశం దాకా, ఒక్కో మాటా ఆపి ఆపి చదివించుకునేది. నేను కిటికీలోంచి చూస్తూ ఉండేవాణ్ణి.